అరకు వనభోజనాలకు మా లాబ్రడార్‌ని తీసుకెళ్లాలా, వద్దా?

మధురవాడ మావయ్య
వెబ్‌సైట్లో ఒకటి, ఫోన్లో ఇంకొకటి చెబితే ఏం చేయాలండీ? వచ్చే శని, ఆదివారాలు అరకులో కార్తీక వనభోజనాలని ఇంట్లో అనుకున్నాం. నేను, మా ఆవిడ, పాప, మా అమ్మ, మా అత్తగారు. వీళ్లతో పాటు బ్రూనో. లాబ్రడార్, మూడేళ్లు, 34 కేజీలు. ఒక రిసార్టు సైట్లో పెంపుడు కుక్కలు రావచ్చని పంజా గుర్తు వేసి మరీ రాశారు. అడ్వాన్సు కట్టాక ఫోన్ చేస్తే, "గదిలోకి కుదరదు సార్, వెనక జనరేటర్ షెడ్డు దగ్గర కట్టుకోండి" అంటున్నాడు. పైగా కుక్కకి రాత్రికి వెయ్యి వేరే. వీడు ఒక్కడే ఉంటే తెల్లవార్లూ మొరుగుతాడు. మాకూ నిద్ర ఉండదు, పక్క గదుల వాళ్లకీ ఉండదు.

ఇంకో టెన్షన్ ఘాట్ రోడ్డు. రుషికొండ, భీమిలి దాకా కారులో హాయిగా వస్తాడు. ఆ మలుపుల్లో ఎలా ఉంటాడో తెలియదు. అన్నిటికీ మించి మా అత్తగారికి మడి. "ఉసిరిచెట్టు కింద విస్తళ్లు వేసుకునే చోట కుక్కేమిటి నాయనా" అని ఇప్పటికే అన్నారు. తీసుకెళ్లిన వాళ్లెవరైనా ఉంటే చెప్పండి. లేదంటే ఎక్కడైనా వదిలి వెళ్లాలా?

ఎంవీపీ డబుల్ రోడ్డు
కుక్కకి వెయ్యి సరే, ఆ షెడ్డులో ఉన్న జనరేటర్ దగ్గర ఎంత వసూలు చేస్తున్నారో కనుక్కోండి.

సిక్కోలు సిన్నోడు
కుక్క సంగతి తర్వాత బాబూ, ముందు మీ అత్తగారి సంగతి తేల్చండి. ఈ ట్రిప్పు ఆవిడ చేతిలో ఉంది.

సీతమ్మధార సుజాత
అందరూ తీసుకెళ్లమనే చెబుతారు కాబట్టి నేను రెండో వైపు మాట్లాడతాను. బ్రూనోకి అరకు చూడాలని ఉందా, బ్రూనోని అరకులో చూడాలని మీకు ఉందా? కార్తీకంలో శని, ఆదివారాలు అంటే అనంతగిరి దగ్గర బండ్లు బారులు తీరి ఉంటాయి. ఎక్కడ చూసినా జనం, స్పీకర్లలో పాటలు. కుక్కకి అందులో సుఖం ఏముంది? మేం ఊరెళ్లినప్పుడు మా స్పిట్జ్‌ని తెలిసిన వాళ్లింట్లో వదులుతాం. దాని పరుపు, దాని గిన్నె, రోజూ తినే తిండి, నేను కట్టి విడిచిన చున్నీ ఒకటి ఇచ్చేస్తాను. మొదటి పూట బెంగగా ఉంటుంది, తర్వాత వాళ్ల సోఫా ఎక్కి కూర్చుంటుంది.

వేపగుంట వాసు
తెలిసిన వాళ్లుంటే బాగానే ఉంటుంది సుజాత గారూ. లేనివాళ్లు డబ్బు కట్టి బోర్డింగులో పెట్టాలి. మా వాణ్ణి ఒక చోట పెడితే ఇంటికొచ్చాక గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఒకటే దగ్గు. వాళ్లనడిగితే "ముందే ఉందేమో సార్" అన్నారు.

పశువులడాక్టర్
వాసు గారూ, అది కెన్నెల్ కాఫ్ అయి ఉంటుంది. చాలా కుక్కలు ఒకే చోట ఉంటే గాలి ద్వారా అంటుకుంటుంది. దానికి విడిగా టీకా ఉంది, బోర్డింగుకి పంపే ముందే వేయించాలి. మామూలుగా ఏటా వేయించే వాటిలో ఇది ఉండకపోవచ్చు, మీ డాక్టర్ని పేరు పెట్టి అడగండి. టీకా పుస్తకం అడక్కుండా కుక్కను చేర్చుకునే బోర్డింగులో పెట్టకండి. మిమ్మల్ని అడగలేదంటే పక్క బోనులో కుక్క వాళ్లనీ అడగలేదని లెక్క.

మావయ్య గారి ప్రశ్నకు క్లినిక్ మూశాక రాస్తాను.

రుషికొండ రాణి
ఘాట్ రోడ్డు భయమైతే రైల్లో వెళ్లండి. కిరండూల్ బండికి అద్దాల బోగీ ఉంది కదా. సొరంగాలు, జలపాతాలు చూస్తూ బ్రూనో కూడా ఎంజాయ్ చేస్తాడు.

పార్సిలాఫీసు
రాణి గారూ, అద్దాల బోగీలోకి కుక్కను రానివ్వరు. రైల్లో కుక్క మనతో పాటు ప్రయాణం చేయాలంటే ఏసీ ఫస్ట్ క్లాసో, ఫస్ట్ క్లాసో ఉండాలి. అందులోనూ ఇద్దరు పడుకునే కూపే గానీ నలుగురు పడుకునే క్యాబిన్ గానీ మొత్తం మన పేరు మీదే ఉండాలి. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్, చైర్‌కార్ వేటిలోనూ కుదరదు. ఇక మిగిలింది గార్డు బోగీలో ఉండే కుక్కల పెట్టె. ఇనప పెట్టెలో ఒంటరిగా, ఆ చప్పుడులో 34 కేజీల లాబ్రడార్‌ని ఊహించుకోండి. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ పెట్టెలోకి కుక్కను ఎక్కిస్తుంటే నాకే మనసొప్పేది కాదు.

కొందరు దుప్పటి కింద దాచి ఎక్కిస్తారు. టీసీకి దొరికితే లగేజీ రేటుకు ఆరు రెట్లు కట్టాలి.

పెదవాల్తేరు పగ్
పార్సిలాఫీసు గారూ, సంక్రాంతికి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్లాలి, మా పగ్‌తో. ఫస్ట్ ఏసీలో రెండు టికెట్లు తీశాను. అంటే కూపే వచ్చినట్టేనా?

పార్సిలాఫీసు
రానట్టే. కూపేనా, క్యాబినా అన్నది చార్టు తయారయ్యేటప్పుడు తేలుతుంది. కుక్క ఉంది, కూపే ఇప్పించండి అని పీఎన్ఆర్ వేసి ముందుగానే అర్జీ పెట్టండి. దొండపర్తిలో డీఆర్ఎం (రైల్వే డివిజనల్ మేనేజర్) ఆఫీసు ఉంది కదా, కమర్షియల్ విభాగంలో ఇవ్వండి. నకలు మీద ముద్ర వేయించుకోండి. ప్రయాణం రోజు బండి టైముకి బాగా ముందు పార్సిల్ ఆఫీసుకి వెళ్తే కుక్కకి లగేజీ టికెట్ రాస్తారు. టీకా పుస్తకం, ఒకటి రెండు రోజుల ముందు డాక్టర్ రాసిచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్, మీ టికెట్, మీ ఆధార్ దగ్గర పెట్టుకోండి. నలుగురి క్యాబిన్ వచ్చి, తోటివాళ్లు వద్దంటే కుక్కను గార్డు బోగీకి పంపాల్సి వస్తుంది, డబ్బు వెనక్కి రాదు. సంక్రాంతి రద్దీలో కూపే మీద ఆశ పెట్టుకోకండి. కారు ఉంటే కారే మేలు.

ఎంవీపీ డబుల్ రోడ్డు
విమానంలో తీసుకెళ్తే పోలా?

పెదవాల్తేరు పగ్
పగ్‌లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఊపిరి ఇబ్బంది ఉంటుందని విమానాల వాళ్లు వెనకాడతారు. ఇండిగోలో అసలు పెంపుడు జంతువుల్నే ఎక్కించుకోరు. అన్నీ చూసే రైలుకొచ్చాను బాబూ.

గాజువాక గేర్‌బాక్స్
అందరూ కుక్క గురించే మాట్లాడుతున్నారు. ఐదుగురు మనుషులు, ఆ కుక్క, వనభోజనాల గిన్నెలు, గ్యాస్ పొయ్యి. కారు ఏది మావయ్యా?

మధురవాడ మావయ్య
ఎర్టిగా.

గాజువాక గేర్‌బాక్స్
అయితే పని జరుగుతుంది. వెనక వరుస సీటు మడిచేయండి. అక్కడ జారని మ్యాట్ వేసి దాని మీద బ్రూనో పరుపు. మెడ బెల్టుకి కాకుండా ఒంటికి వేసే హార్నెస్ కొని, దాన్ని కారుకి కట్టండి. బ్రేకు కొడితే మెడ మీద బరువు పడకూడదు. మీ అత్తగారు ముందు సీటు. మధ్యలో ఒక వరుస మనుషులున్నారు కాబట్టి మడికి కూడా ఇబ్బంది లేదు. గిన్నెలు పైన క్యారియర్‌లో కట్టండి, కుక్క పక్కన పెట్టకండి. మలుపులో గిన్నె జారి తగిలిందంటే మళ్లీ జన్మలో కారెక్కదు.

ఘాట్ గురించి. శృంగవరపుకోట దాటాక బొడ్డవర దాకా రోడ్డు తిన్నగానే ఉంటుంది. అక్కణ్ణుంచి ఎక్కుడు, మలుపులు. శనివారం తెల్లవారుజామున ఐదింటికల్లా మధురవాడ వదిలితే జనం రాకముందే అనంతగిరి దాటేస్తారు. తొమ్మిదికి బయల్దేరారా, మీ బ్రూనో కంటే ముందు మీరే మొరుగుతారు. కొండ మీద కిటికీ అద్దం నాలుగు వేళ్ల సందు చాలు, తల బయట పెట్టనివ్వకండి. దారిలో కోతులకు అరటిపళ్లు వేసేవాళ్లు ఆగి ఉంటారు, కోతి కనబడితే కుక్క ఆగదు.

సిక్కోలు సిన్నోడు
ముందు సీటులో అత్తగారు, వెనక కుక్క. డ్రైవింగ్ మీద ఇద్దరూ కామెంట్ చేస్తారు.

కాఫీతోట
మాది అనంతగిరి పక్కనే. ఈ దారిలో రోజూ తిరుగుతాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా.

మావయ్య గారూ, ఇక్కడి వాళ్లను "కుక్కను తేవచ్చా" అని అడిగితే తేవచ్చనే అంటారు. "రాత్రి కుక్క ఎక్కడ పడుకుంటుంది" అని అడగండి. అప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. గదిలో అంటే, ఆ మాట వాట్సాప్‌లో రాయించుకోండి, ఫోన్లో చెప్పిన మనిషి శనివారం డ్యూటీలో ఉండడు. కాంపౌండు గోడ ఉందా, వాళ్ల సొంత కుక్కలు వదిలి ఉంటాయా అనేవి కూడా అడగండి. పెద్ద రిసార్టుల కంటే ఇద్దరు ముగ్గురు కలిసి నడుపుకునే చిన్న హోమ్‌స్టేలలో ఇది తేలిగ్గా తేలుతుంది. మొత్తం ఇల్లు మీరే తీసుకుంటే పక్క గది వాళ్ల గొడవే లేదు. రాత్రి నేల మీద చలి బాగా ఎక్కుతుంది, పరుపు మరచిపోకండి.

ఇక పగలు. బొర్రా గుహలకు బ్రూనోని తీసుకెళ్లకండి. మెట్లు, తడి, గబ్బిలాలు, బయట కోతుల మంద. ఇద్దరు గుహలు చూసొస్తే ఇద్దరు కారు దగ్గర ఉండండి. కారులో వదిలి అద్దాలు ఎత్తేసి మాత్రం వెళ్లొద్దు. చలికాలమే కదా అనుకుంటారు, ఎండ తగిలితే లోపల వేడి నిమిషాల్లో పెరిగిపోతుంది. కటిక జలపాతానికి జీపులో కుదుపులు పడుతూ వెళ్లాలి, అది కూడా మానేయండి. చాపరాయిలో రాళ్లు నున్నగా జారతాయి. మనుషులే పడుతుంటారు.

నా వైపు నుంచి ఒక్క మనవి. ఊళ్లలో కోళ్లు, మేకలు, పందిపిల్లలు వదిలి ఉంటాయి. వాటి మీదే బతికే ఇళ్లు ఇవి. పట్నం కుక్క తాడు వదిలితే మొదట కోడి వెంటే పడుతుంది. పోయిన కోడికి డబ్బిచ్చేస్తే సరిపోతుందని బండి దిగకుండానే నోటు విసిరే వాళ్లను చూశాను. తాడు చేతిలోంచి వదలకండి. ఊరి కుక్కలు గుంపుగా వస్తే ఎత్తుకోవడానికి ఇది పామరేనియన్ కూడా కాదు.

సీతమ్మధార సుజాత
చూశారా, గుహలకు వద్దు, జలపాతానికి వద్దు, ఊళ్లో తిప్పొద్దు. మరి తీసుకెళ్లి ఏం చేస్తారు?

కాఫీతోట
కాఫీ తోటల పక్క బాటల్లో పొద్దున్నే మనిషితో పాటు నడిచే కుక్కను చూశారా సుజాత గారూ? మీ స్పిట్జ్‌తో ఒకసారి రండి, ఆ తర్వాత మాట్లాడుకుందాం. టూరిస్టు లిస్టులో ఉన్నవన్నీ తిరగాలంటే వదిలి రావాలి. ఒక చోట కూర్చుని రెండు రోజులు ఉండాలంటే తీసుకురావచ్చు.

సీతమ్మధార సుజాత
అది ఒప్పుకుంటా. కానీ అత్తగారిని, పాపని పెట్టుకుని ఒక చోట కూర్చునే ఫ్యామిలీ నాకు తగల్లేదు.

రుషికొండ రాణి
అంత దూరం ఎందుకు, మధురవాడ పక్కనే కంబాలకొండ ఉంది కదా. వనభోజనాలకు చెట్లే చెట్లు.

వేపగుంట వాసు
అది అభయారణ్యం రాణి గారూ. కుక్కను పట్టుకెళ్లే చోటు కాదు. చిరుతలు తిరిగే అడవి అది, కుక్క అంటే చిరుతకు ఇష్టమైన తిండి. పోనీ అంటే తగరపువలస, భీమిలి వైపు ఎవరిదైనా జీడిమామిడి తోట అడగండి. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి రావచ్చు, రాత్రి సమస్యే ఉండదు.

ఎంవీపీ డబుల్ రోడ్డు
రాణి గారూ, మీరు ఇప్పటిదాకా ఇచ్చిన సలహాల్లో బ్రూనో ఒకసారి టీసీకి, ఒకసారి చిరుతకి దొరికాడు.

రుషికొండ రాణి
😂 ఇక నేను చదువుతాను అంతే.

పశువులడాక్టర్
ఇప్పుడు తీరింది.

కడుపు సంగతి ముందు. బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందు కొంచెం తిండి పెట్టి ఆపేయండి. తెల్లవారుజామున బయల్దేరితే రాత్రి భోజనమే చాలు. నీళ్లు మాత్రం ఆపకండి. మలుపుల్లో చొంగ కారడం, పెదాలు నాకడం, మాటిమాటికీ ఆవలించడం కనిపిస్తే వాంతికి ముందు మెట్టని అర్థం. వెడల్పయిన చోట ఆపి పది నిమిషాలు నడిపించండి. వాంతి రాకుండా కుక్కలకు వేరే మాత్ర ఉంది, బరువు చూసి మీ డాక్టరే రాస్తారు. ఈ వారంలోనే మాత్ర వేసి భీమిలి బదులు కొత్తవలస దాకా తిప్పి చూడండి. ఇంట్లో ఉన్న మనుషుల మాత్రలు వేయకండి. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ కుక్కలకు ప్రమాదం. దారంతా పడుకోవాలని మత్తు మందు అడిగేవాళ్లూ ఉన్నారు, నేను ఇవ్వను. మత్తులో ఉన్న కుక్క మలుపుల్లో కాళ్లు నిలదొక్కుకోలేదు, శరీర వేడిని కూడా సరిగా అదుపు చేసుకోలేదు.

రెండోది గోమార్లు, అంటే రక్తం పీల్చే టిక్స్. తోటలు, గడ్డి, మేకలు ఉన్నచోట గోమారు తప్పదు. వాటికిచ్చే మాత్ర గానీ మెడ మీద వేసే చుక్కల మందు గానీ వెళ్లే ముందే వేయండి, వచ్చాక కాదు. రోజూ సాయంత్రం చెవుల లోపల, కాలి వేళ్ల సందుల్లో, తోక కింద వేళ్లతో వెతకండి. దొరికితే చర్మానికి దగ్గరగా పట్టకారుతో పట్టి తిన్నగా లాగండి. కిరోసిన్, సిగరెట్ చురక లాంటి వైద్యాలు వద్దు. టిక్ ఫీవర్ వెంటనే కనిపించదు, ఒకటి నుంచి మూడు వారాలు పట్టొచ్చు. ఇంటికొచ్చిన తర్వాతి రోజుల్లో జ్వరం, తిండి మానేయడం, చిగుళ్లు తెల్లబడటం, ముక్కులోంచి రక్తం, వీటిలో ఏది చూసినా రక్త పరీక్ష చేయించండి. "అరకు వెళ్లొచ్చాం" అని డాక్టరుకి మీరే చెప్పాలి.

రేబిస్ టీకా తేదీ చూసుకోండి. ఏడాది దాటితే ఇప్పుడే వేయించండి. అక్కడి కుక్క మీలో ఎవర్నైనా కరిస్తే, చిన్న గీతే కదా అనుకోకుండా సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

ఇక అరకులో నాకు ఎక్కువ భయం తిండి దగ్గర. బొంగు చికెన్ తిన్నాక ఎముకలు కుక్కకి వేస్తారు. ఉడికిన కోడి ఎముక పెళుసుగా విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది. చాక్లెట్, కాఫీ రెండూ కుక్కలకు విషమే. మీరు వెళ్లే ఊళ్లో ఆ రెండూ కలిపి చేసి అమ్ముతారు. పాప చేతిలో పొట్లం ఉంటే దాని మీద కన్నేసి ఉంచండి. గారెల్లో ఉల్లిపాయ వేస్తారు, అది కూడా పెట్టకండి.

సిక్కోలు సిన్నోడు
కార్తీకంలో బొంగు చికెన్ ఏటి డాక్టర్ గారూ. మావయ్య వాళ్ల అత్తగారు చదివితే ట్రిప్పు క్యాన్సిల్.

పశువులడాక్టర్
వాళ్లు తినరు సరే. పక్కన చాప వేసుకున్న వాళ్లు తింటారు, బ్రూనో అక్కడికి వెళ్తాడు.

కాఫీతోట
నిజం. భోజనాలయ్యాక చెట్ల కింద పడేసే ఎముకలు, ఆకులే ఇక్కడి కుక్కలన్నిటినీ పోగుచేస్తాయి. డాక్టర్ గారి మాట పట్టించుకోండి.

పెందుర్తి పద్మ
మాదీ మడి పాటించే ఇల్లే. మా మామగారు ఊరెళ్తే కుక్క వస్తుందనేది ఒప్పుకున్నారు కానీ ఒక ఏర్పాటు చేసుకున్నాం. వంట, పూజ, భోజనం అయ్యేదాకా కుక్కను ఒకరు దూరంగా నడిపిస్తారు. వాళ్లు తర్వాత తింటారు. పెద్దవాళ్ల దగ్గర కుక్కను వెనకేసుకొచ్చి వాదించకండి మావయ్య గారూ. "మీ భోజనం అయ్యేదాకా అటు రానివ్వను" అని చెప్పి, ఆ మాట నిలబెట్టుకోండి. మీ ఆవిడ చేత కాకుండా మీరే చెప్పండి.

ఎంవీపీ డబుల్ రోడ్డు
పద్మ గారి సలహా ఒక్కటే వెయ్యి రూపాయలు చేస్తుంది. జనరేటర్ షెడ్డులో ఒక రాత్రి.

మధురవాడ మావయ్య
అందరికీ థ్యాంక్స్. అప్‌డేట్ ఏంటంటే, రిసార్టు వాళ్లు అడ్వాన్సు వెనక్కి ఇవ్వలేం అన్నారు, తేదీ మారిస్తే సర్దుతామన్నారు. జనవరికి మార్పించి, అప్పుడు మా అన్నయ్య వాళ్లను పంపిస్తున్నా. వాళ్లకు కుక్క లేదు. అనంతగిరి దగ్గర రెండు గదుల ఇల్లు ఒకటి దొరికింది. రాత్రి ఎక్కడ పడుకుంటుందని అడిగితే, "వరండాలో... అంటే, మీ ఇష్టం, లోపల కూడా" అన్నాడు. వాట్సాప్‌లో రాయమంటే రాశాడు. గుహలు మా అమ్మ, అత్తగారు, పాప చూస్తారు, నేనూ మా ఆవిడా మార్చి మార్చి కారు దగ్గర.

అత్తగారికి పద్మ గారు చెప్పినట్టే చెప్పాను. "నువ్వు నడిపిస్తూ ఉంటే నీకు వడ్డించేదెవరు" అన్నారు. ఒప్పుకున్నట్టో కాదో మా ఆవిడకే అర్థం కాలేదు. రేబిస్ టీకా గడువు మార్చి దాకా ఉంది. గోమార్ల మాత్ర ఇవాళ వేయించాను.

ఒక్క డౌటు. కొత్తవలస దాకా తిప్పి చూడమన్నారు కదా డాక్టర్ గారూ, తిప్పాను. వాంతి లేదు కానీ దారంతా చొంగ కార్చాడు. మాత్ర వేయాలా?

పశువులడాక్టర్
తిన్నని రోడ్డు మీదే చొంగ కార్చాడంటే ఘాట్‌లో వాంతి ఖాయం. రేపే మీ డాక్టర్‌కి కుక్కను చూపించి మాత్ర రాయించుకోండి. ఎప్పుడు వేయాలో, ఎంత వేయాలో ఆయన్నే అడగండి. తిరుగు ప్రయాణానికి కూడా కలిపి తీసుకోండి, అనంతగిరిలో రాత్రిపూట దొరకదు.

గాజువాక గేర్‌బాక్స్
పాత దుప్పట్లు రెండు, పెద్ద కవర్లు, తడి గుడ్డలు వెనక పెట్టుకోండి. ఏసీ బయటి గాలి మీద పెట్టండి, లోపల గాలే తిరిగితే వాసనకి ముందు సీటు వాళ్లకీ వాంతులే.

భీమిలి పిల్లి
ఇదే ట్రిప్పు పిల్లితో ప్లాన్ చేస్తున్నాం. అవే జాగ్రత్తలు సరిపోతాయా?

పశువులడాక్టర్
సరిపోవు. వేరే థ్రెడ్ పెట్టండి, రాస్తాను. ఈ లోపు మూత గట్టిగా పడే బుట్ట ఒకటి కొనండి.